పొలంలో నేర్చుకున్న విశ్రాంతి

(సంఘకాపరులు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజ సభ్యులు కూడుకొన్న రిట్రీటులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రకృతిలోను, పల్లె పొలాల్లోని సాదా జీవితంలోను దొరికే ప్రశాంతతను గురించి మాట్లాడమని పెద్దలు మమ్మల్ని కోరారు. ఈ అంశం మీద మేము ఇంతకు ముందు ఆరేడు పర్యాయాలైనా ప్రసంగించి ఉంటాం. వేదాంత కళాశాలలో చదువుకొనే రోజుల్లో దీని మీద ఒక వ్యాసం వ్రాసి బహుమానం కూడా పుచ్చుకున్నాం. సెలయేళ్ళు, పచ్చిక బయళ్ళు, పక్షుల కిలకిలారావాలు అన్నీ అందులో ఉండేవి. లేనివాడల్లా ఆ పొలంలో బ్రతికే మనిషి. ఆ లోపం మాకు తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. శతాబ్ది సంచికలో ఈ ప్రసంగాన్ని అచ్చు వేస్తామన్నారు గనుక, పాత ప్రసంగాన్ని తిరిగి చదవక, ఆ లోపం ఎట్లా తెలిసిందో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటాం.

పోయిన సంవత్సరం మా గొంతు పోయింది. ఆదివారం మూడు గ్రామాల్లో ఆరాధనలు, వారం పొడుగునా పెళ్ళిళ్ళు, భూస్థాపనలు, కమిటీలు, తగవుల పరిష్కారాలు. డాక్టరు గారు పరీక్ష చేసి, ఒక నెల రోజులు నోరు విప్పకూడదన్నారు. పాస్టరును మాట్లాడవద్దనడం కుమ్మరిని మట్టి ముట్టవద్దన్నట్టే. కాని మీ ముందు దాచవలసిన పని లేదు. గొంతుకంటే ముందుగా లోపలి ఊట ఎండిపోయింది. పదిమంది కోసం ప్రార్థన చేసేవాళ్ళం. మా కోసం మేము చేసుకొని ఎన్నాళ్ళయిందో జ్ఞాపకం లేదు.

మా సంఘ పెద్దల్లో ఒకరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, సంగతి తెలిసి ఇంటికి వచ్చారు. చిలమత్తూరు మండలంలో తన తండ్రిగారి పొలంలో ఉన్న మిద్దె ఇంటి తాళం చెవి మా చేతిలో పెట్టి, "అయ్యగారూ, నెల రోజులు అక్కడ ఉండి రండి. పలకరించేవాళ్ళు ఉండరు. పలకవలసిన పని ఉండదు" అన్నారు. సంక్రాంతి వెళ్ళిన వారం మా ఇంటివారూ మేమూ బయలుదేరాం.

చిలమత్తూరు ఎక్కడున్నదో కోస్తా జిల్లాల నుండి వచ్చిన మిత్రుల కోసం ఒక మాట చెప్పాలి. హిందూపురానికి తూర్పున, కర్ణాటకలోని బాగేపల్లికి పొరుగున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తెలుగూ కన్నడమూ ఒకే నాలుక మీద కలిసి ఆడే సీమ. లేపాక్షి బసవన్నను చూడవచ్చేవారు ఎందరో ఉన్నారు గాని, ఆ పక్కనే ఉన్న ఈ పల్లెల్లోకి తొంగి చూసేవారు తక్కువ.

వానదేవుడు మరచిన చోటని లోకం అనుకొనే భూమి ఇది. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతుంది. రెంటికీ చెడిన ఈ అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అదైనా అదనుకు పడితే పంట, అదను తప్పితే పొట్టు. కర్ణాటక కొండల్లో పుట్టిన చిత్రావతి ఈ ప్రాంతం మీదుగానే పెన్నను వెతుక్కుంటూ పోతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో పారేది ఇసుకే.

ఇంటి సంగతి చెప్పాలి. రాతి గోడలు, వేప దూలాలు, వాటి మీద కట్టెలు పరచి పైన చౌడుమట్టి కప్పిన పాతకాలపు మిద్దె. వెలుతురు కోసం కప్పులో ఒక గవాచి. పొద్దెక్కిన కొద్దీ గవాచిలోంచి దిగిన ఎండ చాటంత ముక్కయి నేల మీద జరుగుతూ పోయేది. ఆ ముక్కను చూసి మా ఇంటివారు టైము చెప్పేవారు. వాకిట్లో వేపచెట్టు, గొడ్లకు రాతి తొట్టి. కొంచెం ఎడంగా రేకుల కొట్టం. అందులో పట్టుపురుగుల పెంపకం. ఆ కొట్టం పక్కనే, పొలాన్ని గుత్తకు చేసుకుంటున్న వృద్ధ దంపతులు, బడికి పోయే వారి మనుమడు. అంతే, మరొక ఇల్లు లేదు.

అక్కడ కాలు పెట్టగానే ప్రశాంతత వచ్చి మా భుజం మీద వాలుతుందని అనుకున్నాం. మొదటి వారం నరకమైపోయింది. రాత్రి నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు. సెల్‌ఫోనుకు మిద్దె మీద తప్ప సిగ్నలు లేదు. మాట్లాడే గొంతు లేకపోయినా, సంఘంలో ఏం జరుగుతున్నదోనని రోజుకు పదిసార్లు నిచ్చెన ఎక్కి దిగేవాళ్ళం. నాలుగో నాడు ఆ ముసలాయన కింద నిలబడి, "ఏమయ్యోరా, మాట్లాడేదానికి లేదంటిరి. మరి మిద్దె ఎక్కేది ఎందుకు?" అన్నాడు. జవాబు లేదు. గొంతు ఉన్నా జవాబు ఉండేది కాదు.

ఆయనే మరునాడు మమ్మల్ని పట్టుపురుగుల కొట్టంలోకి తీసుకుపోయాడు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు పేరు మీరు విని ఉంటారు. అక్కడికి చేరే గూళ్ళు ఇటువంటి కొట్టాల్లోనే తయారవుతాయి. తట్టల్లో వేల పురుగులు మల్బరీ ఆకు మేస్తున్నాయి. కళ్ళు మూసుకుంటే వాన కురుస్తున్న చప్పుడు! వాన కరువైన నేల మీద ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. ఆయన కూడా కళ్ళు మూసుకొనే నిలబడ్డాడు.

రెండు రోజుల తరువాత వెళితే ఆ చప్పుడు లేదు. పురుగులన్నీ మేత మాని, తలలెత్తి కదలకుండా ఉన్నాయి. చచ్చిపోయాయేమోనని భయపడ్డాం. "జ్వరంలో ఉండాయి అయ్యోరా, కదిలించగూడదు" అన్నాడు. పుట్టింది మొదలు గూడు కట్టే లోపల ఇరవై నాలుగైదు దినాల్లో పురుగు నాలుగుసార్లు ఇట్లా మేత మానుతుంది. పాత చర్మం చాలక, దాన్ని విడిచి కొత్త చర్మం తొడుక్కుంటుంది. రైతులు దాన్ని జ్వరమంటారు. ఆ సమయంలో ఆకు వేయరు, తట్ట కదపరు. నెమ్మదిగా తలుపు చేరవేస్తూ ఆయన మా వైపు చూసి, "మీకూ ఇప్పుడు జ్వరమే. ఊరికే ఉండండి" అన్నాడు. ఆ నాటి నుండి మేము నిచ్చెన ఎక్కడం మానుకున్నాం.

ప్రియులారా, విశ్రాంతిని గురించి మేము ఎన్నో పుస్తకాలు చదివాం. ఏలీయా బదరీ వృక్షం క్రింద చావు కోరుకొని పడుకొన్నప్పుడు దేవదూత అతనికి బోధ చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి మరల పడుకోనిచ్చాడు. ఈ సంగతిని ఎన్నిమార్లు ప్రసంగించామో! ఆ రోజున గాని అది మా చెవిని బడలేదు.

అక్కడి నుండి రోజులు తేలికయ్యాయి. అనపకాయల కాలం చివర. మంచుకు తడిసిన అనపకాయల వాసన పొద్దున్నే పొలమంతా నిండేది. పితికిపప్పు పులుసు, రాగి ముద్ద, చెనక్కాయల ఊరుబిండి. కందికట్టె ఎండబెట్టి కొట్టడం చూశాం. ఒకనాడు మేమూ కర్ర పట్టుకున్నాం. గంటకే అరచేతులు బొబ్బలెక్కాయి. రాత్రి మిద్దె మీద పడుకొంటే చుక్కలు అందేటంత దగ్గరగా కనిపించేవి. నిద్ర పట్టింది. ప్రార్థన మాటలు లేకుండానే తిరిగి వచ్చింది.

ఇక్కడితో ఆపితే ఇది మంచి ప్రసంగమే అవుతుంది. కాని మా అసలు పాఠం ఇక్కడి నుండే మొదలయింది.

మాకు గొంతు లేదు గనుక, చెప్పదలచుకొన్నది పలక మీద వ్రాసేవాళ్ళం. ఆ పిల్లవాడు బిగ్గరగా చదివి వినిపించేవాడు. ఒక సాయంకాలం అవ్వ బిందె చంకన పెట్టుకొని నీళ్ళు తెస్తున్నది. మేము సంతోషం పట్టలేక, "మీ జీవితం ఎంత ప్రశాంతమైనదమ్మా, మీరు ధన్యులు" అని వ్రాశాం. పిల్లవాడు పద్యం చదివినట్టు చదివాడు. అవ్వ బిందె దించి, ఎదురుగా కూర్చుని, కోపం లేకుండానే ఇట్లా చెప్పింది.

"నీళ్ళుంటే ప్రశాంతమే అయ్యోరా. ఈ పొలంలో నాలుగు బోర్లు వేయించినాం. మూడు పాయ. నాలుగోది ఇప్పుడు గంట పోస్తుంది, గంట ఆపుతుంది. ఆకు ఎండితే పురుగు చస్తుంది. మూడో బోరు అప్పు ఇంకా తీరలా. వీడి నాయన బెంగుళూరులో కూలికి పాయ. మీరు చుక్కలు చూస్తా పడుకుంటారు. మేము మోటారు చప్పుడు వింటా పడుకుంటాం. అది ఆగిందంటే నిద్ర ఆగినట్టే."

ఆ రాత్రి మాకు కూడా ఆ మోటారు చప్పుడు వినబడింది. అంతవరకు రోజూ మోగుతూనే ఉన్నది. మేమే వినలేదు.

ఈ సీమలో బోరు వేయడమంటే భూమితో జూదమాడడమే. వందల అడుగులు దాటి, వెయ్యి అడుగులకు పోయినా దుమ్ము తప్ప రాని చోట్లున్నాయి. పూర్వం వారికి చెరువులే దిక్కు. 1876-78లో వచ్చిన ధాత కరువు కథలను ఇక్కడి పెద్దలు తాతల నోట విని నేటికీ చెబుతారు. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. బళ్ళారి జిల్లా నుండి విడదీసి 1882లో ఏర్పరచారు. కరువుతో పుట్టి కరువుతో పెరిగిన జిల్లా అనవచ్చు. ఇటువంటి చోట సాదా జీవితం అంటే కొందరికి ఏరి కోరుకొన్న వ్రతం, కొందరికి తప్పని బ్రతుకు. ఈ రెంటికీ మధ్యనున్న గీతను చెరిపివేసి ప్రసంగించడం మేము చేసిన తప్పు. బిందె మోసేవారిని చూసి ధన్యులనడం సులువు. ఆ బిందెను ఒక్క పూట అందుకోవడం కష్టం. మరునాటి నుండి ఉదయం బిందె మేము మోశాం. దానితో ఆమె అప్పు తీరలేదు. ఆమె ముఖం చూడగలిగే ధైర్యం మాత్రం మాకు కలిగింది.

మూడో వారంలో ఆ పిల్లవాడు కొంగలను చూపిస్తానని మమ్మల్ని వీరాపురం తీసుకుపోయాడు. అదే మండలంలోని గ్రామం. చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలు అక్కడికి చేరి, ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను చేస్తాయి. పసుపు ముక్కు, ఎర్రని ముఖం, తెల్లని ఒళ్ళు, రెక్కల మీద నల్లని చారలు, తోక దగ్గర గులాబి రంగు. ఒక్కొక్క చెట్టు మీద ఎన్ని గూళ్ళో లెక్కపెట్టలేకపోయాం. చెట్టు క్రింద ఇళ్ళు, ఇళ్ళ ముందు మనుషులు, వాకిళ్ళ నిండా రెట్టలు, చేపల నీచు వాసన. ఎవరూ విసుక్కోవడం లేదు. ఎండ నెత్తికెక్కేసరికి తల్లి కొంగలు గూటి మీద నిలబడి రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతున్నాయి.

మేము ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఆలోచించాం. హిందూపురం చింతపండుకు పేరుపడిన మార్కెట్టు. చింతకాయ పండి, రాలగొట్టే కాలమూ ఇదే, గూళ్ళ కాలమూ ఇదే. గూళ్ళున్న చెట్టు మీద కర్ర వేయలేరు గదా! కరువు నేల మీద చింతచెట్టు రైతుకు చేతిలోని రొక్కం వంటిది. దాని మీద కొంగలకు చోటిచ్చారంటే తమ పళ్ళెంలోనుండి ఒక ముద్ద తీసి పెట్టినట్టే. ఎందుకు కాపాడుతారని పలక మీద వ్రాసి అడిగితే ఒక పెద్దాయన, "అవి వస్తే ఊరికి మంచిది సామీ. చెరువులో నీళ్ళు లేని ఏడు అవీ తక్కువే వస్తాయి. మాకు లేనప్పుడు వాటికీ లేదు, వాటికి ఉన్నప్పుడు మాకూ ఉన్నట్టే" అన్నాడు.

లేవీయకాండము ప్రకారం కొంగ అపవిత్రమైన పక్షుల పట్టికలో ఉన్నది. అయినను హెబ్రీ భాషలో దాని పేరు హసీదా. కృప, విడువని ప్రేమ అనే అర్థమిచ్చే హెసెద్ అనే మాటతో చుట్టరికమున్న పేరది. ఆకాశంలో ఎగిరే కొంగ తన కాలాన్ని ఎరుగును గాని నా ప్రజలు ఎరుగరని యిర్మియా ప్రవక్త వాపోయాడు. ఈ మాటలు కళాశాలలో పరీక్ష కోసం నేర్చుకున్నాం. వీరాపురం అరుగు మీద వాటికి ప్రాణం వచ్చింది. ప్రశాంతత అంటే ఎవరూ లేని చోటు కాదు. ఉన్న కొద్దిపాటి నీడలో మరొకరికి చోటివ్వగలిగిన మనస్సే అది. కోరుకొన్న సాదా జీవితమైనా, తప్పని సాదా జీవితమైనా ఆ మనస్సు ఉంటేనే సౌందర్యం.

ఇక చివరి సంగతి. నెల నిండవచ్చేసరికి ఆ సంఘ పెద్దగారు మమ్మల్ని చూడవచ్చారు. గొంతు కొంచెం తెరుచుకొంది. వేపచెట్టు క్రింద కూర్చుని ఆయన మెల్లగా అడిగారు: "అయ్యగారూ, ఈ ఐదెకరాలకు బెంగుళూరు వారు మంచి ధర చెబుతున్నారు. ఫారం హౌసు కట్టుకుంటారట. అమ్మమంటారా?"

నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే పోతుంది. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం వచ్చినప్పటి నుండి బెంగుళూరు ఈ పల్లెలకు మరింత దగ్గరయింది. 2008-09 ప్రాంతంలో పరిశ్రమల పేరిట చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమిని రైతుల నుండి సేకరించారు. భూమి చేతులు మారడం ఇక్కడ కొత్త కాదు. అయినా మేము తడుముకోకుండా, "అమ్మకండి! ఇంత ప్రశాంతమైన చోటు మరల దొరకదు" అన్నాం. నెల తరువాత మేము పలికిన మొదటి పెద్ద మాట అది.

ఆయన నవ్వి, "నెల రోజులు ఉండేవారికి ఇది విశ్రాంతి అయ్యగారూ. మా ఇంటావిడ ఆపరేషనుకు, అమ్మాయి చదువుకు చేసిన అప్పులకు వడ్డీ కట్టే నాకు ఇది నిద్ర పట్టనివ్వని లెక్క" అన్నారు. మాకు తల కొట్టేసినట్టయింది. యెరూషలేము ముట్టడిలో ఉండగా యిర్మియా అనాతోతులో పొలం కొన్న వృత్తాంతం చెబుదామని అప్పటికే నోటి చివరకు తెచ్చుకున్నాం. కాని యిర్మియా పదిహేడు తులముల వెండి తూచి ఇచ్చి మరీ కొన్నాడు. మేము ఇవ్వబోయింది ఉచిత సలహా. మా విశ్రాంతి చోటు చెడకూడదని, ఆయన బరువు ఆయననే మోయమంటున్నాం.

ఆ సాయంకాలం గుత్తదారు దంపతులను కూడా పిలిచి నలుగురం కాదు, ఆరుగురం కూర్చున్నాం. ఆరోవాడు ఆ పిల్లవాడే. వాని బడి సంగతి కూడా అందులో ఉన్నది గదా. రోడ్డు వైపు మూడెకరాలు అమ్మి అప్పు తీర్చడానికి, మిద్దె ఇల్లు, బోరు, మల్బరీ తోట ఉన్న రెండెకరాలు ఉంచుకోవడానికి ఆయన తీర్మానించుకున్నారు. పదేళ్ళ గుత్తకు కాగితం వ్రాసి ఆ ముసలాయన చేతికిచ్చారు. ఇది సంపూర్ణమైన పరిష్కారమని మేము చెప్పం. అమ్మిన మూడెకరాల్లో చెనక్కాయ ఇక పండదు. అక్కడ ప్రహరీ గోడ లేచింది. అవ్వ దాని వైపు తిరిగి కూర్చోదు. కాని అప్పు తీరింది, కొట్టంలో వాన చప్పుడు ఇంకా వినబడుతున్నది.

మేము తిరిగి వచ్చి మా పాస్టరేటు కమిటీలో మూడు చిన్న తీర్మానాలు చేయించాం. ఒకటి, విశ్రాంతి కోసం ఆ ఇంటికి పోయే ప్రతి కుటుంబం పట్టణంలో గది అద్దెకు ఇచ్చేంత సొమ్ము ఆ దంపతుల చేతికివ్వాలి. మనకు దొరికే ప్రశాంతతకు వెల ఉన్నది, దాన్ని ఎవరో కడుతున్నారు. రెండు, మా యువజనులు వేసవి సెలవుల్లో వెళ్ళి ఆ పొలం పల్లంలో వాననీటి కుంట త్రవ్వాలి. త్రవ్వారు. మొదటి వానకు మోకాటిలోతు నీళ్ళు నిలిచాయి. మూడు, వారంలో ఒక సాయంకాలం సంఘకాపరికి కమిటీలు, తగవులు ఉండకూడదు. ఈ మూడవది ఆచరించడమే అన్నిటికన్న కష్టంగా ఉన్నదని మనవి చేస్తున్నాం.

సహోదరులారా, నూరేళ్ళ పండుగ చేసుకుంటున్న మన అధ్యక్ష ఖండంలో అధిక భాగం పల్లెలే. మన తాతలు పొలం గట్ల మీద, చెట్ల క్రింద ఆరాధించినవారే. పట్టణాలకు చేరిన మనం అలసిపోయి పల్లె వైపు చూడడం తప్పు కాదు, మంచిదే. వెళ్ళండి. మిద్దె మీద పడుకొని చుక్కలు చూడండి. జ్వరంలో ఉన్న పురుగువలె కొన్నాళ్ళు ఊరికే ఉండండి. కాని వెళ్ళినచోట మోటారు చప్పుడు కూడా వినండి. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో అనపకాయలతో పాటు అక్కడి మనిషి పేరు, వాని అప్పు, వాని పిల్లవాని బడి కూడా మోసుకొని రండి. ఆ బరువు మోస్తూ కూడా మనస్సు తేలికగా ఉంటే, అప్పుడు మీకు విశ్రాంతి దొరికిందని తెలుసుకొనండి.

మా గొంతు ఇప్పటికీ పూర్వమంత బిగ్గరగా లేదు. వెనుక వరుసలో ఉన్నవారికి వినబడకపోయి ఉంటే మన్నించండి.